8 పేజీల స్క్రిప్టు 14 నిమిషాల సినిమా ఎందుకైంది?
తేడా పేజీ లెక్కలోనే ఉంది. స్క్రిప్టులో ఒక పేజీకి తెర మీద ఒక నిమిషం అన్నది కొరియర్ ఫాంటు, 12 పాయింట్ల ఇంగ్లీషు స్క్రీన్‌ప్లే ఫార్మాట్‌కి సరిపోయే అంచనా. తెలుగు ఫాంటులో, మామూలు మార్జిన్లతో రాసిన 8 పేజీలకు అది వర్తించదు. అసలు నిడివి తెలుసుకుని తగ్గించడానికి ఇలా చేయండి:

1. స్టాప్‌వాచ్ పెట్టి డైలాగులు పైకి చదవండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: యాక్షన్ లైన్లు (పాత్రలు ఏం చేస్తాయో చెప్పే లైన్లు) చదవకండి, లేచి చేసి చూడండి. "తలుపు తీసి, ఉత్తరం చదివి, కుర్చీలో కూలబడుతుంది" అన్నది కాగితం మీద ఒక్క లైనే. చేస్తే అర నిమిషం పట్టొచ్చు. పైగా ఆ ఉత్తరం తెర మీద చూపిస్తే ప్రేక్షకుడికీ చదివే టైము ఇవ్వాలి.

3. ప్రతి సీను పక్కనా సెకన్లు రాయండి.

4. కోత సీన్ల మొదట్లో మొదలుపెట్టండి. రావడాలు, పలకరింపులు ముందు పోవాలి.

మీకు నచ్చిన ఒక షార్ట్ ఫిల్మ్‌కీ సీన్లవారీగా టైము రాసి పోల్చుకోండి.