బలం సంగతి సరే, చెమట సంగతేంటి?

అడిగిన ప్రశ్న: “సైన్స్ ఫిక్షన్ కథల్లో సైనికులు వేసుకునే, మోటార్లతో నడిచే కవచం లాంటి స్పేస్ సూట్లు నిజంగా సాధ్యమేనా? అలాంటి కథ ఒకటి రాస్తున్నాను.”

తయారు చేయడం వరకు సాధ్యమే. అది వేసుకుని గంటసేపు యుద్ధం చేయడమే జరగని పని. ఇక్కడ జవాబులు రాసినవాళ్లంతా బ్యాటరీ గురించి, తూటాలను ఆపే లోహం గురించి రాశారు. లోపల ఉండే మనిషిని మాత్రం ఒక్కరూ పట్టించుకోలేదు. నేను గోదావరిఖని దగ్గర బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాణ్ని. రెస్క్యూ ట్రైనింగ్ చేసినవాణ్ని కూడా. అందుకే ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుందని అనుకుంటాను.

బాయిలో మంటలు లేచినా, విషవాయువు నిండినా లోపలికి పోయేవాళ్ల వీపు మీద సుమారు పదిహేను కిలోల ఊపిరి పరికరం ఉంటుంది, మేం సెట్టు అంటాం. మనం వదిలిన గాలినే సోడాలైమ్ అనే సున్నం లాంటి రసాయనం గుండా పంపి, కార్బన్ డయాక్సైడ్ తీసేసి, ఆక్సిజన్ కలిపి మళ్లీ మనకే ఇస్తుంది. స్పేస్ సూట్ లోపల జరిగేదీ ఇంచుమించు ఇదే, రసాయనం వేరు. అయితే సోడాలైమ్ పనిచేసేకొద్దీ వేడెక్కుతుంది. పీల్చే గాలి కూడా వేడెక్కుతుంది. దాన్ని చల్లబరచడానికి సెట్టులో ఐస్ పెడతారు. ఆ ఐస్ కరిగాక చూడాలి మన అవస్థ.

మా బ్యాచ్‌లో ఒకాయన్ని అందరం పహిల్వాన్ అనేవాళ్లం. ఇద్దరు మోసే కర్ర దిమ్మెను ఒక్కడే భుజాన వేసుకుని నడిచేవాడు. ట్రైనింగ్ గ్యాలరీలో పొగ పెట్టి, వేడి, తేమ పెంచి, ఇసుక బస్తాలు మోయించేవాళ్లు. పైగా మే నెల. నోట్లో మౌత్‌పీస్, ముక్కుకు క్లిప్ ఉండేవి కాబట్టి మాటలుండవు, హారన్ మోతలూ చేతి సైగలే. కాసేపటికి కెప్టెన్ ముందుకు పదమని హారన్ కొడితే పహిల్వాన్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత అతని చెయ్యి మెల్లగా ముక్కు క్లిప్ మీదికి పోయింది. నిజం ప్రమాదంలో అది పీకితే పాణం పోయినట్టే. నేను గబుక్కున మణికట్టు పట్టుకున్నాను. సబ్బు రాసినట్టు జారిపోయింది, అంత చెమట! ఇద్దరం కలిసి ఈడ్చుకుంటూ బయటికి తెచ్చి, సెట్టు విప్పి, నెత్తిన బకెట్ నీళ్లు కుమ్మరించాం. కళ్లు తెరిచి అతను అన్న మొదటి మాట, “అన్నా, జర వీపు గోకే!”

ఆ పూట అతని కండలకేమీ కాలేదు. ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోయే దారి లేక కూలబడ్డాడు. బక్కపలచగా ఉండే నేను మాత్రం చివరిదాకా నిలబడ్డాను. పెద్ద ఒళ్లు, పెద్ద బలం ఉన్నవాడికి వేడీ ఎక్కువే పుడుతుందని అప్పటినుంచీ నా సిద్ధాంతం.

“అంతరిక్షం చల్లగానే ఉంటుంది కదా మామా” అంటాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా మేనల్లుడు. థర్మాస్ ఫ్లాస్క్‌లో చాయ్ ఎందుకు వేడిగా ఉంటుందిరా అంటే నవ్వుతాడు. చుట్టూ శూన్యం ఉంటే వేడిని లాక్కుపోయే గాలే ఉండదు. 1966 జూన్‌లో అమెరికా వ్యోమగామి యూజీన్ సెర్నాన్ జెమిని 9 నౌకలోంచి బయటికొచ్చి రెండు గంటలు తిప్పలు పడ్డాడు. హెల్మెట్ అద్దం ఆవిరి పట్టి ఏమీ కనిపించలేదు, గుండె నిమిషానికి 180 దాకా కొట్టుకుంది. మనిషి చేసింది యుద్ధం కూడా కాదు! చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో యాత్రల నాటికి, ఒంటిని చల్లబరచడానికి సన్నని నీళ్ల గొట్టాలు కుట్టిన లోదుస్తులు వచ్చాయి. ఇప్పటి నాసా సూట్‌లో ఆ గొట్టాల పొడవు సుమారు 90 మీటర్లు. వాటితోనూ గండం తప్పలేదు. 2013 జులైలో ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో అంతరిక్షంలో బయట పనిచేస్తుండగా హెల్మెట్‌లోకి చల్లబరిచే నీళ్లే లీకై, ముక్కు దాకా వచ్చి, ఊపిరాడక పోయేంత పనైంది.

ఇక దీనికి మోటార్లు కూడా తగిలించండి. మోటారు తినే కరెంటులో ఎక్కువ భాగం చివరికి వేడిగానే తేలుతుంది. 1960ల్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ హార్డిమన్ అనే, మనిషి ఒంటికి తొడుక్కునే మోటారు యంత్రం కట్టింది. దాని బరువే దాదాపు 680 కిలోలు. ఒక చెయ్యి వరకు పనిచేసింది కానీ, మొత్తం ఒకేసారి నడిపిస్తే పిచ్చిగా ఊగిపోయేది. అమెరికా సైన్యం 2013లో టాలోస్ అని ఇలాంటి కవచం సూట్ ప్రాజెక్టు మొదలుపెట్టి 2019లో మూసేసింది, పూర్తి సూట్ రానేలేదు. యుద్ధానికి పనికొచ్చేది ఇంకో వందేళ్లయినా రాదని నేను రాసిస్తా.

సినిమావాళ్లకు ఇవేమీ పట్టవు. హీరో ముఖం కనిపించాలని హెల్మెట్ లోపల లైట్లు పెడతారు. అలా పెడితే చీకట్లో బయట ఏం కనిపిస్తుంది? టోపీ లైట్ పెట్టుకుని పనిచేసిన ఎవర్నైనా అడగండి, చెబుతారు. ఎండాకాలం హనుమకొండ చౌరస్తాకు రండి. మామూలు బైక్ హెల్మెట్టే పెట్టుకోలేక ట్యాంకు మీద పెట్టుకుని, పోలీసు కనిపించగానే నెత్తికెక్కిస్తారు. ఈ జనం మూడు వందల కిలోల ఇనుములో దూరి గ్రహాలు గెలుస్తారట!

కథ రాస్తున్నానన్నారు కాబట్టి ఒక్క మాట. పవర్ పోయిన సూట్‌లో పడిపోయిన సైనికుణ్ని ఎవరు మోస్తారు? బాయిలో మామూలు మనిషిని స్ట్రెచర్ మీద తేవాలంటేనే నలుగురైదుగురు మార్చుకుంటూ మోయాలి. శూన్యంలో సూట్ విప్పడానికీ లేదు. కాబట్టి మీ సూట్‌కి తుపాకులు తర్వాత తగిలించండి. ముందు వీపు మీద ఈడ్చుకెళ్లడానికి ఒక గట్టి కొక్కెం, బయటి నుంచి ఆక్సిజన్, చల్లనీళ్లు ఎక్కించడానికి ఒక గొట్టం పెట్టి రాయండి.