అబ్బాయన్నారు, అమ్మాయి పుట్టింది: ఆ ఫిర్యాదు మీద సంతకం చేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నాకు ఆరేళ్ల పాప ఉంది. రెండోసారి పన్నెండో వారంలో మా అత్తయ్య, మావారు నన్ను కారులో పక్క జిల్లాకు తీసుకెళ్లి స్కానింగ్ చేయించారు. ఏవో కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు, నేను చదవలేదు. స్కాన్ చేసినాయన బయటికొచ్చి మా అత్తయ్యతో "స్వీట్లు పంచుకోండి" అన్నాడు. మావారు ఫోన్‌లోనే 25,000 కొట్టారు. ఆ రోజు కారులోంచి మా చెల్లికి "నన్ను బలవంతంగా తీసుకెళ్తున్నారు" అని వాట్సాప్ చేశాను. తర్వాత భయమేసి నా ఫోన్‌లోంచి తీసేశాను. ఏడు నెలల కింద పాప పుట్టింది. "స్కాన్‌లో అబ్బాయైతే అమ్మాయెలా పుట్టింది? ఆసుపత్రిలో మార్చేశారు" అని అత్తయ్య నానా మాటలూ అంటోంది. అప్పటినుంచీ పుట్టింట్లోనే ఉన్నాను. ఇప్పుడు స్కానింగ్ సెంటర్ మీద వినియోగదారుల కమిషన్‌లో నా పేరుతో 5 లక్షలకు కేసు వేయాలట, సంతకం పెడితే కాపురానికి తీసుకెళ్తారట. ఆ కాగితం నకలు జతచేశాను. మా అన్నయ్యేమో కేసు పెడతామని గట్టిగా చెబితే సెంటర్‌వాళ్లే డబ్బులిచ్చేస్తారంటున్నాడు. అసలు ఆ పరీక్ష ఎంతవరకు నమ్మొచ్చు? నేనేం చేయాలి?
– ఒక సోదరి

జవాబు: సంతకం పెట్టకండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ కేసును తేల్చేది మీ అత్తగారి మాటలు కాదు, సెంటర్‌వాళ్ల తప్పుడు జోస్యమూ కాదు. మీరు పంపిన నకలులో మూడో పేరాలో ఒక వాక్యం ఉంది: "ఫిర్యాదుదారు తన భర్తతో కలిసి, గర్భస్థ శిశువు లింగం తెలుసుకొను నిమిత్తం, ఇష్టపూర్వకముగా పరీక్ష చేయించుకొనిరి." దీని కింద సంతకం పెడితే ఫిర్యాదుదారుగా లోపలికి వెళ్లి ముద్దాయిగా బయటికొస్తారు.

ఎందుకో చెబుతాను. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, 2003లో మరింత కఠినం చేశారు. అందరూ పీసీపీఎన్‌డీటీ చట్టం అంటారు. అందులో సెక్షన్ 23(3) ప్రకారం లింగం తెలుసుకోవడానికి పరీక్ష చేయమని వెళ్లి అడిగినవాళ్లకు మొదటి నేరానికి మూడేళ్ల వరకు జైలు, 50,000 వరకు జరిమానా పడొచ్చు. డాక్టరుకే శిక్ష, మనకేం కాదు అనుకునే కుటుంబాలు నా దగ్గరికి చాలా వస్తుంటాయి. మొదటి నేరానికి డాక్టరుకు రాసిన జరిమానా 10,000 వరకే, అడిగినవాళ్లకు అంతకు ఐదింతలు.

కానీ గర్భిణికి అదే చట్టం ఒక రక్షణ ఇచ్చింది. సెక్షన్ 24 ప్రకారం, భర్తో బంధువులో బలవంతపెట్టడం వల్లే ఆమె ఆ పరీక్షకు ఒప్పుకుందని కోర్టు ముందే అనుకోవాలి. కాదని రుజువు చేయాల్సిన భారం ఎదుటివాళ్లది. ఇవాళ మీ చేతిలో ఉన్న బలమంతా ఇదే. "ఇష్టపూర్వకముగా" అన్న ఆ ఒక్క మాట దాన్ని ఊడబెరుకుతుంది, అదీ మీ సొంత సంతకంతో. ఆ కాగితం రాసినవాళ్లకు ఇది తెలుసో లేదో నాకు తెలియదు. ఫలితం మాత్రం ఒకటే, వాళ్ల నెత్తిమీదున్నది మీ నెత్తికొస్తుంది.

ఇక పరీక్ష సంగతి. దాదాపు పదకొండో వారం వరకు ఆడ, మగ పిండాల అవయవాలు చూడటానికి ఒకేలా ఉంటాయి. పన్నెండో వారంలో చెప్పేవాడు చిన్న మొలకలా ఉన్న భాగం ఏ కోణంలో ఉందో చూసి అంచనా వేస్తాడంతే. బిడ్డ పడుకున్న తీరు, యంత్రం నాణ్యత, చూసేవాడి అనుభవం, ఏది తేడా వచ్చినా మాట తప్పుతుంది. 18–20 వారాలకు పొరపాటు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పదో వారం తర్వాత తల్లి రక్తం తీసి చేసే డీఎన్‌ఏ పరీక్షలో కచ్చితత్వం 99 శాతం దాకా ఉంటుంది, అయినా అది డౌన్ సిండ్రోమ్‌లాంటి లోపాలు వెతకడానికే తప్ప మన దేశంలో బిడ్డ లింగం చెప్పడానికి వీల్లేదు. దొంగచాటు సెంటర్లు నడిచేది ఈ అనిశ్చితి మీదే. ఏమీ చూడకుండా చెప్పినా సగంమందికి నిజమవుతుంది. తప్పినవాళ్లు బయటికొచ్చి అడగలేరు.

కోర్టుకు మాత్రం ఈ శాతాలతో పని లేదు. సెక్షన్ 6 లింగం తెలుసుకోవాలన్న ఉద్దేశంతో పరీక్ష చేయడాన్నే నిషేధించింది. సెక్షన్ 5 మాటలతో గానీ సైగలతో గానీ మరే విధంగా గానీ చెప్పడాన్ని నిషేధించింది. "స్వీట్లు పంచుకోండి" అన్నది చెప్పడమే. అది తప్పైనా నేరం నేరమే. అలాంటి మాటను పట్టుకుని పాపను ఆసుపత్రిలో మార్చేశారనడానికి ఏ ఆధారమూ లేదు. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే కణాన్ని బట్టి ఉంటుందని మీ అత్తగారికి ఎవరైనా చెప్పాలి. వాళ్లు తెచ్చిన మనిషికి పాప రక్తమో లాలాజలమో ఇవ్వకండి. అనుమానముంటే వాళ్లే కోర్టుకెళ్లి అడగాలి.

వినియోగదారుల కేసు నిలవదు కూడా. చట్టం నిషేధించిన పని కోసం కుదుర్చుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం చెల్లదు, ఆ డబ్బు ఇప్పించమని ఏ కమిషన్‌నూ అడగలేరు. పైగా ఆ ఐదు లక్షలు దేనికి అడుగుతున్నారో నకలులో చూడండి: "ఆడశిశువు జన్మించుట వలన కలిగిన నష్టమునకు." మీ చంటిబిడ్డను నష్టమని రాసిన కాగితం మీద తల్లి సంతకం ఉండకూడదు.

మీ అన్నయ్య చెప్పింది అంతకంటే ప్రమాదం. కేసు పెడతామని బెదిరించి డబ్బు తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు కేసవుతుంది. లింగ నిర్ధారణ నేరంలో రాజీకి వీల్లేదు, డబ్బు తీసుకుని వదిలేశామంటే చట్టం ఒప్పుకోదు. ఆయన సెంటర్‌కు ఒక్క ఫోను కూడా చేయకూడదు.

మీ మీద నాకు కోపం తెప్పించిన విషయం, ఆ వాట్సాప్ మెసేజ్ తీసేయడం. బలవంతంగా తీసుకెళ్తున్నారని ఆ నిమిషంలోనే రాసిన మాటకంటే పెద్ద సాక్ష్యం ఇంకేముంటుంది? అదృష్టం, మీరు తీసింది మీ ఫోన్‌లోంచే. చెల్లెలి ఫోన్‌లో ఇంకా ఉండాలి. ఆ ఫోన్ మార్చొద్దనీ, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వొద్దనీ ఈ రోజే చెప్పండి. స్క్రీన్‌షాట్ ఒక్కటీ చాలదు. ఫోను, దానితోపాటు ఆ మెసేజ్ ఆ ఫోన్‌లోదేనని చెప్పే ధ్రువపత్రం భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద కావాలి. 25,000 వెళ్లింది మావారి ఖాతా నుంచి కదా అని దిగులుపడకండి, బ్యాంకు వివరాలు అధికారులు తెప్పించుకోగలరు. తేదీ, ఊరు, వెళ్లిన దారి, గది ఎలా ఉంది, ఆయన అన్న మాట యథాతథంగా, ఒక నోటుబుక్కులో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

చదవకుండా పెట్టిన సంతకాలు బహుశా ఫారం ఎఫ్ మీదివి, అంటే గర్భిణికి స్కాన్ చేసినప్పుడు సెంటర్ నింపాల్సిన పత్రం. బిడ్డ లింగం తెలుసుకోవాలని లేదని గర్భిణి ఇచ్చే ప్రకటన అందులో ఉంటుంది. సెంటర్‌వాళ్లు రేపు దాన్నే చూపిస్తారు. దాంతో వాళ్లు బయటపడిపోరు. ఆ ఫారం అసలు నింపకపోయినా, లోపాలున్నా నేరం చేసినట్టే లెక్క, కాదని వాళ్లే రుజువు చేసుకోవాలి. అది గుమాస్తా పొరపాటనే వాదనను సుప్రీంకోర్టు 2019 మే 3న తోసిపుచ్చింది.

గడువు చూసుకోండి. నేరంపై మూడేళ్లలోపు కోర్టు విచారణకు స్వీకరించాలి. కానీ సెంటర్ రికార్డులు దాచాల్సింది రెండేళ్లే. మీ స్కాన్ జరిగి పదమూడు నెలలు దాటింది, ఇక మిగిలింది పది నెలల పైచిలుకు. కేసు మొదలైతే మాత్రం తేలేదాకా వాటిని ఉంచాలి. కాబట్టి ఆ సెంటర్ ఉన్న జిల్లా అప్రాప్రియేట్ అథారిటీ (ఈ చట్టాన్ని అమలు చేసే అధికార యంత్రాంగం) పేరున దరఖాస్తు రాసి, డీఎం అండ్ హెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. కోర్టులో ఫిర్యాదు చేసే ఉద్దేశముందని అందులోనే రాయండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే సెక్షన్ 28 కింద మీరే నేరుగా మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. సెంటర్‌వాళ్లు ప్రతి నెలా 5లోపు అధికారులకు నివేదిక పంపాలి, మీ స్కాన్ జరిగిన నెల నివేదికను భద్రపరచమని కూడా అడగండి.

ఒక్క విషయం తెలిసి అడుగేయండి. ఈ దారిలో మీవారు, అత్తగారు కూడా ముద్దాయిలవుతారు. తర్వాత మనసు మారినా వెనక్కి తీసుకోలేరు. వాళ్లను దారికి తేవడానికి దీన్ని వాడుకోకండి. ఆ నిర్ణయం తీసుకునేలోగా గృహహింస చట్టం కింద మీ పుట్టింటి ఊరి మేజిస్ట్రేట్ కోర్టులోనే రక్షణ, పోషణ కోరవచ్చు. మగపిల్లాడు పుట్టలేదని అవమానించడం మానసిక హింస అని ఆ చట్టంలో సూటిగా రాసి ఉంది. లాయర్ ఫీజు లేదని ఆగొద్దు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసహాయం ఉచితం. 15100కు ఫోన్ చేసినా, జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థకు వెళ్లినా వకీలును పెడతారు.

వెళ్లేముందు పాప జనన ధ్రువపత్రం తీసి చూడండి. పేరు గడి ఖాళీగా ఉంటే వెంటనే రాయించండి. జననం నమోదైన తేదీ నుంచి పన్నెండు నెలల్లోపు పేరు చేర్చడానికి రుసుం లేదు, మీకింకా దాదాపు ఐదు నెలలున్నాయి. తల్లి పేరు, తండ్రి పేరు ఉన్న చోట అక్షరాలు మీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూసుకోండి.