వెండి గొట్టంలోని ఎస్తేరు గ్రంథం నిజంగా పాతదేనా?

న్యూజెర్సీలో ఒక పాత ఇంటి సామాను అమ్మకంలో కొన్న జానెడు వెండి గొట్టం, దాని పిడి తిప్పితే బయటికి వచ్చే తోలుచుట్ట, అమ్మినవారు చెప్పినట్టు 18వ శతాబ్దపు ఇటలీ తోరాయేనా, అంటే యూదులు చదివే మోషే ఐదు గ్రంథాల చుట్టేనా అని మీరు అడిగారు. మీ వర్ణనను బట్టి అది తోరా కాదు. తోరాకు రెండు కర్రలుంటాయి. ఒకే కర్రకు చుట్టి ఇలాంటి గొట్టంలో పెట్టేది సాధారణంగా యూదుల పూరీము పండుగకు చదివే ఎస్తేరు గ్రంథం, అంటే మెగిల్లా. హిందూదేశం మొదలుకొని కూషు వరకు 127 సంస్థానాలను ఏలిన అహష్వేరోషు కథతో మొదలయ్యే ఆ గ్రంథం మన తెలుగు బైబిలు చదివేవారికీ తెలిసినదే.

న్యూయార్క్‌లో రాతప్రతులను బాగుచేసే ఒక చిన్న కార్యశాలలో నేను కొన్నేళ్లు పనిచేశాను. పూరీము దగ్గరపడే కొద్దీ ఇలాంటివి మా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి. మేము గొట్టాన్ని, చుట్టను ఎప్పుడూ విడివిడిగానే అంచనా వేసేవాళ్లం, ఎందుకంటే ఒకదాని గొట్టంలోకి మరొకదాని చుట్ట చేరడం చాలా మామూలు. గొట్టం మీద వెండి స్వచ్ఛతను తెలిపే ముద్ర 925 అని ఉంటే అది బహుశా ఇటీవలిది. 84 అని ఉంటే జార్ చక్రవర్తుల కాలపు రష్యా వెండి కావచ్చు, కానీ ఆ ముద్రను నకిలీ చేసినవారికి కొదవ లేదు. మన కరీంనగర్ వెండి తీగ పనిని పోలిన అల్లిక ఉన్నంత మాత్రాన అది ప్రాచీనం కాదు. 1906లో జెరూసలేంలో మొదలైన బెజలేల్ కార్యశాలల్లో యెమెన్ నుంచి వచ్చిన యూదు కంసాలులు అటువంటి పని విరివిగా చేశారు.

కాబట్టి అసలు సాక్ష్యం చర్మపత్రమే. గదిలో దీపాలు ఆర్పి, ఒక టార్చిని పక్క నుంచి వాలుగా పట్టుకొని చూడండి. సిరా లేకుండా మొనతో నొక్కి గీసిన సన్నని గీతలు కనబడాలి, అక్షరాలు ఆ గీతల కింద వేలాడుతున్నట్టు ఉండాలి. భూతద్దంలో అక్షరం అంతా చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అది అచ్చు కాపీ. అయితే అంచుల్లోని బొమ్మలు అచ్చువైనంత మాత్రాన కంగారు పడవద్దు. మాంటువాలో పుట్టి 17వ శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసిన షాలోమ్ ఇటాలియా వంటివారు రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన అంచుల మధ్య లిపికారుడు పాఠాన్ని చేతితోనే రాసేవాడు. తోరాకు బొమ్మలు వేయరు. ఎస్తేరు గ్రంథంలో దేవుని పేరు ఎక్కడా రాదు కనుక ఇక్కడ ఆ స్వేచ్ఛ దొరికిందని చెబుతారు.

తొమ్మిదో అధ్యాయం దాకా విప్పితే, యూదులను నాశనం చేయజూసిన హామానుకు పుట్టి, ఉరికొయ్యకెక్కిన పదిమంది కుమారుల పేర్లు ఒక అంచున, మరో అంచున ఒకే చిన్న మాట పదే పదే, మధ్యలో ఖాళీతో నిలువుగా కనబడతాయి. అది ఆచారం, పొరపాటు కాదు. అడ్డంగా మడత గుర్తులు ఉంటే నాకు సంతోషం: చదివేవారు దీన్ని ముందే విప్పి ఉత్తరంలా మడిచి పట్టుకుంటారు, అంటే ఆ ప్రతి నిజంగా ప్రార్థనా మందిరంలో వాడుకలో ఉండేదన్నమాట.

పండుగకు చదవడానికి పనికొస్తుందా అనేది వేరే ప్రశ్న, దాన్ని యూదు లిపికారుడే తేల్చాలి. అక్షరాలు రాలిపోయిన ప్రతి చదువుకు పనికిరాకపోయినా సేకరణగా విలువైనదే. ఎవరి ఇంటి నుంచి వచ్చిందో అమ్మినవారిని రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి. నాజీల కాలంలో యూదుల వస్తువులు ఎన్నో దోపిడీకి గురయ్యాయి, ఆ కాలంలో చెక్ ప్రాంతంలో మిగిలిపోయిన 1,564 తోరా చుట్టలు 1964లో లండన్ చేరాయి.

ఇక వెండి నల్లబడిందని చింతపండుతో తోమకండి, ముఖ్యంగా చుట్ట లోపల ఉండగా. చర్మపత్రాన్ని ఇస్త్రీ చేయించడం, లామినేషన్ చేయించడం, ఎండ తగిలే గోడకు తగిలించడం కూడా వద్దు. తేమ 50 శాతం చుట్టుపక్కల నిలకడగా ఉండే అలమరలో, ఆమ్లం లేని కాగితంలో వదులుగా చుట్టి, గొట్టానికి పక్కన విడిగా పెట్టండి.