లినక్స్‌లో ప్రతి అప్లికేషన్‌కూ ప్రింటర్‌ను విడివిడిగా అమర్చుకోవాలా?

లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటును కొత్తగా వేసుకున్నాననీ, లిబ్రే ఆఫీసు నుంచి ఒక రకంగా, బ్రౌజర్ నుంచి మరో రకంగా అచ్చవుతోందనీ, ప్రతి అప్లికేషన్‌లోనూ ప్రింటర్‌ను మళ్లీ అమర్చాలా అనీ మీరు అడిగారు. అక్కర లేదు. అప్లికేషన్ చూపించే ప్రింట్ పెట్టె గుమ్మం లాంటిది. లోపల పని చేసేది కప్స్ అనే ముద్రణ వ్యవస్థ. మైకేల్ స్వీట్ రాసిన ఈ వ్యవస్థ 1999 నుంచీ ఉంది, ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటర్లలో అచ్చు వేసేది కూడా ఇదే. కప్స్‌లో సరిచేయని తప్పును మీరు అప్లికేషన్‌లో ఎన్నిసార్లు సరిచేసినా నిలవదు.

ఈ సంగతి నాకు ఒక రాత్రి బాగా తెలిసివచ్చింది. మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. యాదగిరి నరసింహస్వామి మీద 108 సీస పద్యాల శతకం రాసి, విద్యానగర్‌లో మా ఇంట్లోనే కూర్చుని స్వయంగా టైపు చేసుకున్నారు. ఆయన 75వ పుట్టినరోజుకు బంధువులకు ఇవ్వడానికి ఇరవై ప్రతులు కావాలి. చిక్కడపల్లి వైపు మూడు డీటీపీ సెంటర్లు తిరిగాను. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేతాల పద్ధతి) ఫైలు అనగానే ముగ్గురిదీ ఒకటే మాట: "మా ఫాంట్లలో మళ్లీ టైపు చేయాలి సార్." 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా తెలుగు అచ్చువేసే చోట తెలుగు ఫైలు పనికిరాదంటే నాకు కడుపు మండుతుంది. ఛందస్సు తెలియని చేతులు మళ్లీ టైపు చేస్తే ఒక దీర్ఘం జారుతుంది, దానితో గణం పోతుంది. ఇంట్లోనే వేద్దామని నిర్ణయించుకున్నాను.

పేజీకి రెండు పద్యాలు. పెద్దవాళ్లు చదువుకోవాలని అక్షరాలు పెంచి, అంచులు సెంటీమీటరుకు తగ్గించాను. రాత్రి పదకొండు గంటలకు, ఇంకా వెచ్చగా ఉన్న కాగితాల కట్టను నాన్నగారి చేతిలో పెట్టాను. ఆయన అలవాటు ప్రకారం గొంతెత్తి చదవడం మొదలుపెట్టారు. మొదటి పద్యం సాఫీగా సాగింది. రెండో పద్యంలో ఎత్తుగీతి (సీసం చివర వచ్చే నాలుగు చిన్న పాదాలు) మూడో పాదం దగ్గర ఆగారు. పేజీ తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పారు. "స్వామి పేరు ఏదిరా?" అన్నారు.

మకుటం లేదు. 54 పేజీల్లోనూ అడుగు పాదం తెగిపోయింది. తెర మీద, పీడీఎఫ్‌లో నిక్షేపంగా ఉన్న పాదం కాగితం మీదకు రాలేదు. ఫాంటు మార్చాను, లిబ్రే ఆఫీసును తీసేసి మళ్లీ వేశాను, వరుసల మధ్య ఎడం తగ్గించాను. రెండు గంటలు దండుగ. చివరికి బ్రౌజర్ అడ్రసు పట్టీలో లోకల్‌హోస్ట్ అని రాసి, కోలన్ పెట్టి 631 కొట్టి కప్స్ పేజీ తెరిచాను. మా ప్రింటర్ డిఫాల్ట్ ఆప్షన్లలో కాగితం సైజు "లెటర్" అని ఉంది. అది అమెరికావారి కాగితం, పొడవు 279 మిల్లీమీటర్లు. మన ఏ4 పొడవు 297. ఆ 18 మిల్లీమీటర్ల తేడాలోనే స్వామి పేరు పోయింది. ఉబుంటు వేసేటప్పుడు నేను అమెరికా ఇంగ్లీషును ఎంచుకోవడమే దీనికి మూలం.

అక్కడ ఏ4 పెట్టి భద్రపరిచాను. మార్పులకు అనుమతి లేదని వస్తే మీ యూజర్ పేరు, ప్రింటర్ అమరికలు మార్చే అధికారం ఉండే ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులో ఉందో లేదో చూడండి. బ్రౌజర్లు తమ సొంత కాగితం సైజును గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి వాటిలో కూడా ఒకసారి ఏ4 ఎంచుకోండి. మీకు రెండు చోట్ల రెండు రకాలుగా రావడానికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

ప్రింటర్ కొనే ఆలోచన ఉంటే ఒక మాట. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఒక దుకాణదారు "లినక్స్‌కు ప్రింటర్లు పనిచేయవు" అని నాతో తేల్చి చెప్పాడు. ఆ మాట నమ్మకండి. ఫోను నుంచి వేరే యాప్ లేకుండా నేరుగా అచ్చువేసే ప్రింటర్ అయితే, డ్రైవర్ వెతుక్కునే పని లేకుండానే చాలావరకు లినక్స్ దాన్ని గుర్తుపడుతుంది. నా పాత చౌక లేజర్ ప్రింటర్‌కు ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ను లోపలి నుంచి నడిపే ప్రోగ్రాం) పంపాలి. దానికి కావలసిన ప్లగిన్ అనే అదనపు ఫైలును కంపెనీ విడిగా ఇస్తుంది, ఉబుంటు కొత్త వెర్షన్‌కు మారినప్పుడు సాధారణంగా దాన్ని మళ్లీ దించుకోవాలి. డబ్బు పెట్టి కొన్న వస్తువుకు ఈ తంటా ఎందుకు పడాలి?

కప్స్ పేజీలోనే మెయింటెనెన్స్ కింద టెస్ట్ పేజీ ఉంటుంది. ముందు అది వేసి చూడండి. నాన్నగారి ఇరవై ప్రతులు నేను అది చూసుకున్నాకే, తెల్లవారుజామున మొదలుపెట్టాను.