మంచురాణి వేషం కావాలన్న పాప

ప్రశ్న: ఆరేళ్ళ క్రితం రాజమండ్రి నుంచి కెనడా వచ్చి ఎడ్మంటన్‌లో ఉంటున్నాం. నాకు 38 ఏళ్ళు, పాపకు ఎనిమిది. రెండేళ్ళుగా ఆఫీసుకు వెళ్ళే దారిలోనూ, రాత్రి పడుకోబోయే ముందూ థ్రిల్లర్ నవలలు వింటున్నాను. అవి ఎక్కువగా తప్పిపోయిన పిల్లల కథలే. ఇప్పుడు రాత్రి మూడుసార్లు లేచి పాప గదిలోకి తొంగి చూడనిదే నిద్ర పట్టడం లేదు. పక్కింటి పెద్దాయన మా వాకిట్లో మంచు కూడా ఎత్తిపోస్తుంటాడు. ఆయన పాపకు చాక్లెట్ ఇచ్చాడని కారు నంబరు రాసిపెట్టుకున్నాను. బడిలో మంచురాణి కథను తిరగరాసి నాటకం వేస్తున్నారు. అందులో పిల్లవాణ్ని ఎత్తుకుపోయే మంచురాణి వేషమే కావాలని పాప పట్టుబట్టి తెచ్చుకుంది. ఈ కథ వద్దు, మార్చమని టీచరుకు ఉత్తరం రాశాను. అది తెలిసి పాప నాలుగు రోజులుగా నాతో ముభావంగా ఉంటోంది. మా వారు 'ఆ నవలలు మానెయ్, అన్నీ అవే సర్దుకుంటాయి' అంటున్నారు. 1991 పుష్కరాల్లో, నాకు నాలుగేళ్ళప్పుడు, రేవు దగ్గర తప్పిపోయి రెండు గంటల తర్వాత దొరికానట. నాకు గుర్తున్నది ఒక కానిస్టేబుల్ చేతిలో పెట్టిన అరటిపండు ఒక్కటే. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: తప్పా, ఒప్పా అన్న దగ్గరే ఆగిపోతే మీకు ఒరిగేదేమీ లేదు. టీచరుకు రాసిన ఉత్తరాన్ని మాత్రం మీరు వెనక్కి తీసుకోవాలి, అదీ పాపకు తెలిసేలా తీసుకోవాలి. ఎందుకో చెప్పే ముందు మీ వారి మాట గురించి కొంచెం చెప్పనివ్వండి. 'మానెయ్' అనడంలో సలహా కన్నా విసుగే ఎక్కువ వినిపిస్తోంది. తనను భయపెట్టే కథనే ఒక మనిషి ఏరికోరి రెండేళ్ళపాటు వింటున్నదంటే, ఆ కథ వల్ల ఆమెకు ఏదో దక్కుతున్నదని అర్థం. అదేమిటో చూసుకోకుండా మానేస్తే ఆ ఖాళీలోకి వాట్సాప్ వీడియోలు వచ్చి కూర్చుంటాయి.

నేనూ ఆ నవలలు చదివేదాన్నే కాబట్టి వాటి పోకడ కొంత తెలుసు. మొదటి అధ్యాయంలోనే బిడ్డ మాయమవుతుంది. ఆ తరువాత వందల పేజీలపాటు ఆ బిడ్డ ఒక ఫోటోగానో, మంచులో దొరికిన ఒంటి చేతితొడుగుగానో తప్ప మనకు కనబడదు. కథంతా వెతికేవాళ్ళ గుండెల్లోనే నడుస్తుంది. చదివేవారికి రచయిత అప్పగించే పని అనుమానించడం ఒక్కటే. పక్కింటివాణ్ని, టీచరును, కట్టుకున్నవాణ్ని, ఆఖరుకు తల్లినే అనుమానించాలి. ఈ నవలల్లో ఆ అనుమానం వృథా పోవడం అరుదు. అందరికన్నా మర్యాదగా కనిపించినవాడే దోషిగా తేలతాడు, తల్లి మనసు శంకించిన కీడే నిజమవుతుంది, ఆమెను వెర్రిదానిలా చూసిన పోలీసు చివర్లో తల దించుకుంటాడు. వినోదంగా ఇందులో ఆక్షేపించాల్సింది ఏమీ లేదు. కానీ రెండేళ్ళపాటు రోజూ ఇదే సాధన చేసిన మనసు, వాకిట్లో మంచు ఎత్తిపోసి చాక్లెట్ చేతిలో పెట్టిన ముసలాయన్ని చూస్తే కారు నంబరు రాసుకోక మరేం చేస్తుంది? ఇది మీ ఒక్కరికే వచ్చిన జబ్బు కూడా కాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు మన తెలుగు ఊళ్ళలో పాకినప్పుడు, ముక్కూమొహం తెలియని పాపానికి అమాయకులు దెబ్బలు తిన్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అక్కడా కథే ముందు వచ్చింది.

మీరున్న దేశంలో పిల్లలు కనబడటం లేదని పోలీసులకు అందే ఫిర్యాదుల్లో అత్యధికం ఇల్లు విడిచి తమంతట తాము వెళ్ళిపోయిన పిల్లలవి. ఎవరో తెలియనివాడు వచ్చి ఎత్తుకుపోవడం బహు అరుదు. ఆ అరుదైన దానికి కూడా ఏర్పాటు ఉంది. బిడ్డను ఎవరైనా ఎత్తుకుపోతే వెంటనే జనానికంతటికీ హెచ్చరిక పంపే ఆంబర్ అలర్ట్ పద్ధతిని కెనడాలో 2002లో మొట్టమొదట తెచ్చుకున్నది మీ అల్బర్టా రాష్ట్రమే. ఫిర్యాదు చేయడానికి ఇరవై నాలుగు గంటలు ఆగాలన్నది సినిమాల్లో మాట, ఒక్క నిమిషం కూడా ఆగనక్కరలేదు. భయం లెక్కలు వినదని నాకు తెలుసు కనుక మిమ్మల్ని ఊరడించడానికి ఇవన్నీ చెప్పడం లేదు. ఇంట్లోంచి తనంతట తాను వెళ్ళిపోయే పిల్ల గడప దాటేది ఒక రోజునే అయినా, మనసులో అంతకు చాలా ముందే దూరమై ఉంటుంది. మీరు వద్దన్న కథలో ఉన్నది సరిగ్గా ఇదే.

డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1844 డిసెంబరులో వెలువరించిన ఆ కథను మీరు ఎత్తుకుపోవడం గురించిన కథగా చూశారు. కాస్త నెమ్మదిగా మళ్ళీ చదవండి. కై అనే పిల్లవాడు తన చిన్న బండిని మంచురాణి బండికి తగిలించుకుని వెళ్ళిపోవడానికి ఎంతో ముందే, పగిలిన మాయ అద్దపు నలుసు ఒకటి అతని కంట్లో, మరొకటి గుండెలో పడతాయి. అది మొదలు అతను నాయనమ్మ కథ చెబుతుంటే వెనక నిలబడి ఆమెను అనుకరిస్తూ వెక్కిరిస్తాడు, నేస్తం గెర్డాకు ప్రాణమైన గులాబీలను తెంపి పారేస్తాడు, భూతద్దంలో మంచు రేకును చూపించి పువ్వుల కన్నా ఇదే అందంగా ఉందంటాడు. ఇంట్లో అందరి కళ్ళెదుట తిరుగుతూ ఉండగానే ఆ పిల్లవాడు తప్పిపోయాడు. మంచురాణి బండి రావడం ఆ తరువాతి మాట.

ఇక గెర్డా వెతికే తీరు చూడండి. ఆ పిల్ల ఎవరినీ అనుమానించదు, అందరినీ అడుగుతుంది. నదిని, పువ్వులను, కాకిని అడుగుతుంది. కత్తి చూపించి బెదిరించిన దొంగల పిల్లే చివరికి తన రెయిన్‌డీర్‌ను ఇచ్చి సాగనంపుతుంది. మీరు రెండేళ్ళుగా వింటున్న నవలల్లోనూ, ఈ కథలోనూ కనిపించకుండా పోయింది పిల్లలే. వెతకడంలోనే తేడా అంతా ఉంది.

మీ పాప గెర్డా వేషం అడగకుండా మంచురాణి వేషం అడిగినందుకు మీకు కంగారు పుట్టింది. నాకైతే ముచ్చటేసింది. మా చిన్నతనంలో గోనెసంచి భుజాన వేసుకుని బూచాడి వేషం కట్టడానికి పోటీ పడ్డవాళ్ళం, రాత్రిపూట బూచాడికి జడిసి అమ్మ పక్కన ముడుచుకున్నవాళ్ళం ఒక్కరమే. భయాన్ని ఒంటికి తొడుక్కుని చూస్తే అది ఎంత పొడుగుందో పిల్లలకు తెలుస్తుంది. మీ ఇంట్లో రెండేళ్ళుగా ఒక భయం తిరుగుతోందని ఆ పిల్లకు తెలియదనుకుంటున్నారా? రాత్రి మూడుసార్లు తలుపు తెరుచుకుంటుంటే ఎనిమిదేళ్ళ పిల్లకు ఒక్కసారైనా మెలకువ రాకుండా ఉంటుందా?

పాత కథను తిరగరాయడమంటే చాలావరకు దాన్ని ఎవరి వైపు నుంచి చెబుతున్నామో మార్చుకోవడమే. రష్యా జానపద కథలో పిల్లల్లేని ముసలి దంపతులు మంచుతో ఒక పిల్లను చేసుకుంటారు. ఒక కథనంలో ఆ పిల్ల తోటివాళ్ళతో కలిసి మంట మీదుగా దూకి ఆవిరైపోతుంది. ముసలామె వైపు నుంచి చెబితే అది శోకం. మంట దూకబోయే పిల్ల వైపు నుంచి చెబితే ఏమవుతుందో మీ పాపను అడిగి చూడండి, మీరు అనుకోని జవాబు రావచ్చు.

మీ సొంత కథ కూడా అలాంటిదే. 'దొరికానట' అని రాశారు. ఆ 'ట' మీ అమ్మగారిది. ఆ రెండు గంటలు రేవు మెట్ల మీద ఆవిడ ఎలా పరుగెత్తారో, ప్రతి మెట్టు దగ్గరా వంగి నీళ్ళలోకి ఎలా చూశారో ఇన్నేళ్ళలో మీరు ఎన్నిసార్లు విని ఉంటారో నేను ఊహించగలను. ఆ భయం మీకు అమ్మ నుంచి వచ్చింది. మీకై మీకు మిగిలిన జ్ఞాపకం వేరు. తప్పిపోయిన పిల్లకు గుర్తున్నది ఒక తెలియని మనిషి చెయ్యి, అందులో ఒక పండు. మీరు వింటున్న నవలలన్నీ అమ్మ వైపు కథను మళ్ళీ మళ్ళీ చెబుతున్నాయి. నాలుగేళ్ళ పిల్ల వైపు కథ అరటిపండు దగ్గరే ఆగిపోయింది. ఈ వారంలో అమ్మగారికి ఫోన్ చేసినప్పుడు, ఆవిడ ఎంత భయపడ్డారని కాకుండా, మీరు దొరికినప్పుడు ఏం చేస్తున్నారని అడగండి.

జాగ్రత్త అక్కరలేదని నేను అనడం లేదు. 'కొత్తవాళ్ళతో మాట్లాడొద్దు' అన్న సూత్రం మాత్రం పనికిరాదు, ఎందుకంటే నిజంగా తప్పిపోయిన రోజున పాపకు సాయం చేయాల్సింది ఆ కొత్తవాళ్ళే. దానికి బదులు రెండు మాటలు నేర్పండి. ఎవరైనా 'మీ అమ్మకు చెప్పకు' అన్నారంటే అది తప్పకుండా అమ్మకు చెప్పాల్సిన సంగతి. ఎవరైనా ఇంటికి తీసుకెళ్తామని వస్తే, మీ ఇంటి రహస్య పదం అడగాలి. ఆ పదాన్ని ఆమెనే ఎంచుకోనివ్వండి. మీ చలిలో అసలు ప్రమాదం మనుషుల కన్నా మంచుదే కనుక, చెట్లలో దారి తప్పితే అటూ ఇటూ తిరగకుండా ఒకే చెట్టును పట్టుకుని ఉండాలని నేర్పే 'హగ్ ఎ ట్రీ' పాఠం కెనడాలో పిల్లలకు చెబుతుంటారు, దాన్ని ఇద్దరూ కలిసి వినండి. పక్కింటి పెద్దాయన ఇంటికి మీ వారితో, పాపతో కలిసి ఒక ఆదివారం జంతికలు పట్టుకెళ్ళి కాసేపు కూర్చోండి. కారు నంబరు చించేయమని చెప్పను. ఆయన పేరు తెలిశాక దాన్ని ఉంచాలో వద్దో మీకే తెలుస్తుంది.

నవలలు కారులో వినండి, పడకగదిలోకి మాత్రం రానివ్వకండి. రాత్రి మూడుసార్లు చూసేది ఈ వారం రెండు చేసుకోండి, ఆపై ఒకటి. నెల తిరిగినా నిద్ర కుదురుకోకపోయినా, పగటిపూట కూడా గుండె దడ వస్తున్నా, మీ కుటుంబ వైద్యుణ్ని కలవండి. అల్బర్టాలో 811కు ఫోన్ చేస్తే ఆరోగ్య సలహా ఏ వేళనైనా దొరుకుతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

టీచరుకు రాసే రెండో ఉత్తరం పాపను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. రెండు వాక్యాలు చాలు. అది పంపాక, మంచురాణికి ఎలాంటి అంగీ ఉండాలో ఆమెను అడగండి. మీ పెట్టెలో వెండి జరీ అంచు తెల్లచీర ఒకటి ఉండే ఉంటుంది కదా, కత్తెర పెట్టే ముందు దాన్ని ఒకసారి ఆమె భుజాల మీద కప్పి చూడండి.