కవి సమ్మేళనానికి వెళ్లే ముందు

చి. అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

ఉగాది కవి సమ్మేళనానికి రవీంద్రభారతికి వెళుతున్నానని, ఇంకా 10 రోజులే ఉందని నువ్వు ఫోనులో చెబుతుంటే ముచ్చటేసింది. 40 ఏళ్లుగా ఇలాంటి సభల్లో కూర్చున్నవాణ్ణి కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు కడుపు సంగతి. ఆహ్వానపత్రంలో అయిదు అని ఉంటే ఆరుకు మొదలైనా అదృష్టమే. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, తొలిపలుకులు, శాలువాలు, ఇవన్నీ అయ్యాకే కవిత్వం. ఏదైనా తిని వెళ్లు. అసెంబ్లీ మెట్రో స్టేషనులో దిగితే నడిచే దూరమే. తిరుగు రైలు ఎన్నింటికో మాత్రం ముందే చూసుకో. నువ్వు ఎవరి కోసం వెళుతున్నావో వాళ్ల వంతు చివర్లో వస్తుంది, పెద్ద కవులను ఆఖరున పిలవడం మర్యాద కనుక. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. తమ కవిత చదవగానే మెట్లు దిగి వెళ్లిపోయే కవులను ఎంతమందిని చూశానో! ఒకసారి నేనూ ఆఖరి బస్సు కోసమని లేచాను. గేటు దాటుతుంటే నేను ఎదురుచూసిన పేరే మైకులో వినిపించింది. ఆ రాత్రి బస్సూ దొరకలేదు.

మూడో వరుసలో, ఒక పక్కగా కూర్చో. ముందు వరుస అతిథులది, మధ్యలో కెమెరాల వాళ్లు అడ్డం. పక్క నుంచి అయితే కవి చేతులు కనిపిస్తాయి. కాగితం మడత విప్పడం, కళ్లద్దాలు మార్చుకోవడం, అచ్చయిన మాటను పెన్నుతో కొట్టేసి పైన రాసుకున్న మాట దగ్గర ఒక్క క్షణం తటపటాయించడం. నేను సభలకు వెళ్లేది సగం దాని కోసమే.

ఫోను సంచిలో ఉంచు. కవి ఎన్. గోపి గారి నానీ అనే చిన్న కవిత అంటే నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. నువ్వు కెమెరా తెరిచేలోపు రెండు అయిపోతాయి. గోరటి వెంకన్న గారు పాట ఎత్తుకుంటే చెయ్యి ఎలాగూ దరువు వేస్తుంది కానీ ఫోను పట్టుకోదు.

ముషాయిరాలో, అంటే ఉర్దూ కవి సమ్మేళనంలో, షేరు (రెండు పాదాల పద్యం) మధ్యలోనే వాహ్వా అంటారు, మొదటి మిస్రాను (పాదాన్ని) మళ్లీ చదివిస్తారు. మన వచన కవితకు అలా కుదరదు. మధ్యలో చప్పట్లు కొడితే తర్వాతి పాదం మునిగిపోతుంది. కవి కాగితం దించేదాకా ఓపిక పట్టు.

ఈ 10 రోజుల్లో పుస్తకాలన్నీ తిరగేయాలని కూర్చోకు. నీకిష్టమైన కవిత ఒక్కటి పైకి చదువుకో. అక్కడ కవి దాన్నే చదివితే, నువ్వు ఎక్కడ తొందరపడ్డావో తెలిసిపోతుంది.

సంతకం కావాలంటే పుస్తకం పట్టుకెళ్లు. ‘మీ కవిత్వమంటే ప్రాణం’ అనకు, ఆ మాట వాళ్లు విని విని ఉంటారు. ఫలానా పాదం దగ్గర ఎందుకు ఆగారని అడుగు, నిలబడి చెబుతారు. నీ కవితల ఫైలు మాత్రం ఇంట్లోనే ఉంచు. ఆ వేళకు కవి గారూ ఆకలి మీద ఉంటారు.

ఎంత రాత్రయినా ఇల్లు చేరగానే ఫోను చెయ్యి. మీ పిన్ని నిద్రపోయినా నేను మేలుకునే ఉంటాను.

మీ బాబాయి