బాబుకు నాలుగు రోజులుగా జ్వరం, కళ్ళు ఎర్రబడ్డాయి.. టెస్ట్ నెగెటివ్ వచ్చింది, సీటీ స్కాన్ తీయించాలా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్ళు, బరువు 24 కిలోలు. 2021 మే 18న నాకు, మావారికి కోవిడ్ పాజిటివ్ వచ్చింది. అప్పుడు బాబుకు ఒకరోజు ఒళ్ళు వెచ్చబడి ముక్కు కారింది, అంతే. వాడికి టెస్ట్ చేయించలేదు. ఇప్పుడు జూన్ 16 నుంచి 102, 103 జ్వరం. కడుపునొప్పి అంటున్నాడు, వాంతులు అవుతున్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేస్తే ఒక పూట తగ్గి మళ్ళీ వచ్చింది. మావారికి కోవిడ్‌కు రాసిన గోలీలు మిగిలితే సగం చేసి రెండు రోజులు వేశాం. ర్యాపిడ్ టెస్ట్ నెగెటివ్. ఆర్‌టీపీసీఆర్ చేయించాలా? ఛాతీ సీటీ స్కాన్ తీయించాలా? కోవిడ్ మూడో వేవ్ పిల్లలకే వస్తుందంటున్నారు, ఇమ్యూనిటీ పెరగడానికి ఏం పెట్టాలి?
– ఒక తల్లి, నిజామాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, ముందు బాబును పిల్లల డాక్టర్, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ రోజే. స్కాన్ సంగతి, ఇమ్యూనిటీ సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరం ఓపీ మధ్యలో చదివాను. చదవగానే మీకు ఫోన్ చేసి ఈ మాట చెప్పమని ఈ శీర్షిక చూసే డెస్క్ వాళ్ళను అడిగాను. ఇదే సమస్య ఉన్న ఇంకెవరికైనా పనికొస్తుందని మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మీరు టెస్ట్ గురించి అడిగారు. నా దృష్టి మాత్రం మే 18 అనే తేదీ మీద పడింది. మీ ఇంట్లో కోవిడ్ వచ్చిన నాలుగు వారాలకు బాబుకు జ్వరం మొదలైంది. మూడు రోజులు దాటినా తగ్గలేదు. దానికి తోడు కళ్ళు ఎర్రబడటం, కడుపునొప్పి, వాంతులు. ఈ నాలుగూ ఒకేచోట కనిపిస్తే పిల్లల డాక్టర్లకు మొదట గుర్తొచ్చేది ఎంఐఎస్-సి. అంటే మల్టీ సిస్టమ్ ఇన్‌ఫ్లమేటరీ సిండ్రోమ్ ఇన్ చిల్డ్రన్. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ డాక్టర్లు దీన్ని మొదట గమనించి హెచ్చరించారు. ఆ తర్వాతి నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని గుర్తుపట్టే లక్షణాలను ప్రకటించింది. కోవిడ్ వచ్చి పోయాక, సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల్లో, ఒంట్లోని రక్షణ వ్యవస్థ అదుపు తప్పి సొంత అవయవాల మీదే పడుతుంది. పేగులు, చర్మం, కళ్ళు, అన్నిటికన్నా ముఖ్యంగా గుండె దెబ్బతినవచ్చు. మొదట వచ్చిన కోవిడ్ మీ బాబుకు వచ్చినట్టు ఒక్కరోజు జలుబే కావచ్చు, అసలు ఏ లక్షణమూ లేకపోవచ్చు కూడా.

ర్యాపిడ్ టెస్ట్ నెగెటివ్ అని ధీమాగా ఉండొద్దన్నది అందుకే. నాలుగు వారాల తర్వాత ముక్కులో వైరస్ దొరక్కపోవడం మామూలే. ఆర్‌టీపీసీఆర్ కూడా నెగెటివ్ రావచ్చు. ఇక్కడ పనికొచ్చేది రక్తంలో కోవిడ్ యాంటీబాడీ పరీక్ష. దాంతోపాటు సీబీసీ, సీఆర్‌పీ, ఫెరిటిన్, డి-డైమర్ వంటి రక్తపరీక్షలు, గుండెకు ఎకో అనే స్కాన్. ఏవి ముందు, ఏవి తర్వాత అన్నది బాబును చూసిన డాక్టర్ నిర్ణయిస్తారు. బీపీ తప్పకుండా చూడాలి. ఈ జబ్బులో బీపీ పడిపోవడమే మాకు పెద్ద భయం.

బాబుకు ఉన్నది ఇదేనని చూడకుండా నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. వానలు మొదలయ్యాయి, డెంగీ ఉంది. టైఫాయిడ్, చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా ఇలాగే మొదలవుతాయి. ఒక్క కడుపునొప్పి పట్టుకుని అపెండిసైటిస్ అనుకుని సర్జన్ దగ్గరికి వెళ్ళిన పిల్లలూ ఉన్నారు. వీటిలో ఏదైనా సరే ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టిన విషయం. ఆ మిగిలిన గోలీలు. పెద్దవాళ్ళకు కోవిడ్‌లో రాసిన వాటిలో చాలాసార్లు స్టెరాయిడ్, అంటే ఒంట్లో వాపును, రక్షణ వ్యవస్థ దూకుడును అణచే మందు, ఉంటుంది. ఒక పూట జ్వరం దించిన ఆ సూది కూడా స్టెరాయిడే అయి ఉండవచ్చని నా అనుమానం. స్టెరాయిడ్ పడితే జ్వరం దిగుతుంది, పిల్లవాడు లేచి ఆడుకుంటాడు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. లోపల జబ్బు అలాగే ఉంటుంది. అసలు లక్షణాలు మరుగున పడి, మా దగ్గరికి వచ్చేసరికి రెండు మూడు రోజులు పోతాయి. ఈ నెలలో నేను చూసిన ఒక ఆరేళ్ళ పాప విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. చేతులు, కాళ్ళు చల్లబడ్డాక తీసుకొచ్చారు. కోలుకుంది కానీ ఐసీయూలో చాలా కష్టపడాల్సి వచ్చింది.

మరి ఎంఐఎస్-సికి ఆస్పత్రిలో ఇచ్చేదీ స్టెరాయిడే కదా అని అడిగేవాళ్ళు ఉంటారు. నిజమే. ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందుతో పాటు స్టెరాయిడ్ కూడా వాడతాం. కానీ జబ్బు ఏమిటో తేల్చుకుని, బరువును బట్టి లెక్కగట్టి, గుండెను కనిపెట్టి చూస్తూ ఇస్తాం. పెద్దవాళ్ళ గోలీ సగం చేస్తే పిల్లల డోసు అయిపోదమ్మా. మామూలు కోవిడ్ స్వల్పంగా ఉన్న పిల్లలకు స్టెరాయిడ్ హాని చేస్తుందని, రెమ్‌డెసివిర్ అనే వైరస్ మందు వాడవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు 2021 జూన్‌లోనే స్పష్టంగా చెప్పాయి. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. పిల్లవాడు మూలుగుతుంటే చేతికందింది వేయాలనే అనిపిస్తుంది. కానీ ఇంకెప్పుడూ అలా చేయకండి.

ఆస్పత్రికి చేరేలోపు జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే మీ బాబుకు ఒక డోసు 240 నుంచి 360 మధ్య. ఆరు గంటల ఎడం ఉండాలి. సీసా మీద 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములు ఉందా, 250 ఉందా చూడండి. అక్కడే చాలామంది పొరపాటు పడతారు. డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ ఉన్న మందులు వద్దు. ఆస్పిరిన్ డాక్టర్ చెబితే తప్ప అసలే వద్దు. ఓఆర్‌ఎస్ గుక్కలు గుక్కలుగా పట్టించండి. మగతగా ఉన్నా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, చేతులు, కాళ్ళు చల్లబడినా, పెదాలు నీలంగా మారినా బస్సు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఇది చదువుతున్న మిగతా తల్లిదండ్రులు టెన్షన్ పడొద్దు. ఎంఐఎస్-సి అరుదు. వేళకు వైద్యం అందితే ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు. గుండె కోసం కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఎకో తీయించుకోవాలి, అది మాత్రం మానకూడదు. మామూలు కోవిడ్ పిల్లల్లో చాలావరకు జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ముక్కు కారడం, ఒక్కోసారి విరేచనాలతోనే పోతుంది. చూడాల్సింది శ్వాస. పిల్లలు ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పసికందుకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40, ఆపైన 30 లేదా అంతకు మించితే, డొక్కలు ఎగరేస్తుంటే, ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఆస్పత్రికి వెళ్ళాలి. పసిబిడ్డ పాలు తాగడం మానేసినా అంతే.

సీటీ స్కాన్ మీ బాబుకు ఇప్పుడు అక్కర్లేదనే నా అభిప్రాయం. చూసిన డాక్టర్ అవసరమంటే అది వేరు. మూడో వేవ్ పిల్లలకే ప్రత్యేకంగా వస్తుందనడానికి ఆధారం లేదని పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ 2021 మేలోనే చెప్పింది. ఇమ్యూనిటీ పొడులు కొనొద్దు. పప్పు, గుడ్డు, ఆకుకూర, పండు చాలు. లాక్‌డౌన్‌లో తప్పిపోయిన టీకాలు ఉంటే బాబు కోలుకున్నాక వేయించండి.

వెళ్ళేటప్పుడు ఆ గోలీల అట్టలు ఖాళీవైనా సరే తీసుకెళ్ళండి. సూదిలో ఏమిచ్చారో ఆర్‌ఎంపీ చేత కాగితం మీద రాయించుకోండి. మీ పాజిటివ్ రిపోర్టు కూడా పట్టుకెళ్ళి, డాక్టర్ అడగకపోయినా మే 18 తేదీ మీరే ముందు చెప్పండి.